గుహ ఊపిరి

శవం బోర్లా పడి ఉంది.

ముఖం తడి మట్టిలో కూరుకుపోయింది. కుడిచేయి మాత్రం మోచేతి మీద ఆని పైకి లేచి ఉంది. ఆ చేతిలో అరచేతంత గాజు పలక. పడేటప్పుడు ఆ మనిషి తన ముఖాన్ని కాపాడుకోలేదు. పలకను కాపాడాడు.

ఇన్‌స్పెక్టర్ టార్చి వెలుగును గాజు మీద ఆపింది. దాని మీద తెల్లటి పొర. ఉప్పునీళ్లు ఆరిపోయిన గ్లాసు మీద మిగిలే మరకలా ఉంది.

"ఇంత చిన్న గాజుముక్క కోసం ఇంత లోతుకి దిగాడా మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఇనుప నిచ్చెన దిగిన ఆయాసం అతనికింకా తగ్గలేదు. "ఇక్కడ రాళ్లకే చెమటలు పడుతున్నాయి. మనుషులకు పట్టవా."

సాయంత్రం అయిదున్నర. గుహ లోపలి గదిలో, గోతిలాంటి చోట, చనిపోయింది పరిశోధనా సంస్థ ప్రొఫెసర్. ఉదయం ఒంటరిగా దిగాడు. మధ్యాహ్నానికీ పైకి రాలేదు.

పైకప్పు నుంచి చుక్కలు రాలుతున్నాయి. చుక్క పడే ప్రతిచోటా నేల నుంచి ఒక సున్నపు స్తంభం లేచింది. కొన్ని మోకాలి ఎత్తు, కొన్ని మనిషి ఎత్తు. ప్రొఫెసర్ పడింది అన్నిటికంటే పొడవైన స్తంభం పక్కన. ఎదురుగా పది అడుగుల దూరంలో ఒక పొట్టి స్తంభం. దాని నెత్తి మీద పలకంత చదరం పాలిపోయి ఉంది. సరిగ్గా ఆ చదరం నడిమధ్యలో చుక్క పడుతోంది.

ఇన్‌స్పెక్టర్ అది చూసింది. మరుక్షణం మరిచిపోయింది. ఎందుకంటే నిచ్చెన మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"మొదట చూసింది నేనేనండి. నేను ఇక్కడ కెమిస్టుని."

ఆమె టార్చి ఎత్తింది. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, మట్టి అంటిన చొక్కా. మనిషి మారాడు. గొంతు మారలేదు.

"ఈ బూట్ల మట్టి ఆ క్వారీ మట్టి కాదు." తొమ్మిదేళ్ల కిందట కోర్టు బోనులో, మట్టి పరీక్షించిన సాక్షిగా నిలబడి ఆ గొంతు అన్న మాట అది. క్వారీ నీళ్లలో తేలింది ఇన్‌స్పెక్టర్ చెల్లెలు. ఆ బూట్లు చెల్లెలి మొగుడివి. ఆ ఒక్క వాక్యంతో మరిది తలెత్తుకుని ఇంటికి నడిచి వెళ్లాడు.

వీణ్ణి కొన్నారు. ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని ఆమె అనుకున్నది అదే. ఆ తర్వాత ఏ రోజూ వేరేగా అనుకోలేదు.

వెలుగుకి కెమిస్టు కళ్లు చికిలించాడు. ఆమె టార్చి దించలేదు. ఇంకాసేపు అలాగే ఉంచింది.

*

పోస్ట్‌మార్టంలో ఏమీ దొరకలేదు. దెబ్బ లేదు, విషం లేదు.

"గుండె ఆగింది," అన్నాడు డాక్టర్.

"ఎందుకు ఆగింది?"

"అరవై దాటిన మనిషి. తేమ, చలి, నిచ్చెన. ఆగడానికి కారణాలకేం కొదవ?"

ఫైలు ఆ రోజే మూసేయొచ్చు. ఆమె మూయలేదు. ప్రొఫెసర్ భార్య ఫిర్యాదు ఇచ్చిందని పైవాళ్లకు చెప్పింది. అది నిజమే. కానీ అసలు కారణాన్ని ఏ కాగితం మీదా రాయలేదు. ఈసారి ముద్దాయిగా బోనులో ఆ కెమిస్టు నిలబడాలి. బోనుకి ఇవతల తను ఉండాలి. అంతే.

ఆమెకు పగ కొత్త కాదు. ఏటా చెల్లెలు పోయిన తేదీన యూనిఫాంలోనే మరిది ఫ్యాన్ల రిపేరు షాపుకి వెళ్తుంది. అడిగేది ఒకటే. "ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావు?" అతను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెడతాడు. "షాపులోనే ఉన్నాను వదినగారూ," అంటాడు. బేరానికొచ్చిన వాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు. ఆమె వెనుదిరుగుతుంది. ఆ షాపు ఇప్పటికి మూడు వీధులు మారింది. మూడుసార్లూ ఆమె వెతుక్కుంటూ వెళ్లింది.

ప్రొఫెసర్ భార్య ముందుగదిలో నిటారుగా కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఆయన ఈ నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చేవారు. నేను లిఫ్టులో వచ్చేసరికి తలుపు తీసి నిలబడి ఉండేవారు. ఆ గుండె ఎలా ఆగుతుంది?"

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానమేమిటి. ఆ కెమిస్టే. ఆయన పరిశోధనంతా తప్పని నలుగురిలో అన్నాడు. మర్నాటి నుంచి మా వారికి అన్నం సయించలేదు. నువ్వు ఈ సంస్థలో ఉంటావో నేనుంటానో చూద్దాం అన్నారాయన. చూశాడుగా."

ఇన్‌స్పెక్టర్ తలూపింది. ఎవరైనా తన మనసులోని మాట బయటికి అంటే వినడానికి ఎంత బాగుంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

*

సంస్థలో కెమిస్టు గది. బల్ల మీద నిలువుగా రెండుగా కోసిన సున్నపు స్తంభం. లోపల చారలు, ఒకదాని మీద ఒకటి, పలచగా, లెక్కకు అందనన్ని.

"ప్రొఫెసర్‌తో గొడవేమిటి?"

"ఒక కరువు గురించి."

"ఏ కరువు?"

"మూడు వేల ఏళ్ల కిందటిది."

హెడ్ కానిస్టేబుల్ దగ్గాడు. "సాక్షులెవరైనా మిగిలారాండి?"

"ఇదిగో, ఇదే సాక్షి." కెమిస్టు నవ్వకుండా రాయి మీద వేలు పెట్టాడు. "వాన నీరు నేలలోకి ఇంకి గుహ పైకప్పు నుంచి చుక్కగా పడుతుంది. పడిన ప్రతి చుక్కా కొంచెం సున్నం వదిలి పోతుంది. ఏడాదికో పొర. వానలు బాగా పడిన ఏటి పొరలో ఆక్సిజన్ ఒక రకంగా ఉంటుంది, పడని ఏడు ఇంకో రకంగా. పొర పొరా గీకి ఆ పొడిని మెషీన్లో పెడితే ఏ కాలంలో వాన ఎలా ఉండేదో తెలుస్తుంది. యురేనియం కొలిస్తే వయసు తెలుస్తుంది."

"ఈ నల్లగీత?"

"గొడవంతా దాని గురించే. అక్కడ చుక్క ఆగిపోయింది. పొర పెరగలేదు, దుమ్ము పేరుకుంది. మహా కరువు వచ్చి జనం వలసపోయారని ప్రొఫెసర్ రాశారు. నీటిదారి పక్కకు మళ్లినా చుక్క ఆగుతుంది కదా, ఇంకో స్తంభంలో కూడా ఆ గీత కనిపిస్తేనే కరువు అనాలి అన్నాను. ఒక్క సాక్షి మాట పట్టుకుని ఊళ్లు ఖాళీ చేయించలేం."

"సాక్ష్యాల విషయంలో మీరు చాలా జాగ్రత్తపరులు."

అతను ఆమెను ఒక్కక్షణం చూశాడు. "ప్రయత్నిస్తాను."

"ప్రొఫెసర్ ఒంటరిగా ఎందుకు దిగారు?"

"ఆయన పద్ధతి. చలికాలం మొదట్లో చుక్కల కింద గాజు పలకలు పెడతాం. కొత్త పొర ఎలా పెరుగుతుందో చూడటానికి. ఆ తర్వాత సీజను అయ్యేదాకా ఎవరం గుహలోకి వెళ్లం. మన ఊపిరి కూడా లోపలి గాలిని పాడు చేస్తుంది. సీజను చివర మొదటి పలక ఆయనే తీయాలి. పక్కన ఇంకొకరుంటే ఒప్పుకోరు."

"లోపల గాలి మంచిదేనా?"

"వేసవిలో కాదు. కార్బన్ డయాక్సైడ్ గోతిలో చేరుతుంది. బరువైన గాలి, రంగూ వాసనా ఉండవు. చలికాలంలో భయం లేదు. బయటి చల్లగాలి కింది ద్వారంలోంచి దూరి, లోపలి గాలిని కొండ మీది బిలంలోంచి బయటికి నెడుతుంది. గుహ ఊపిరి తీసుకుంటుంది అంటాం మేం."

"ఆ పై బిలం తెరిచే ఉంటుందా?"

"ఇనుప గ్రిల్. తాళం."

"చెవి?"

"నా దగ్గర."

"ఇంకెవరి దగ్గర?"

"నా ఒక్కడి దగ్గరే."

"లోపలి గాలిని కొలిచే మెషీన్ ఉండాలి కదా?"

"గుహలో బిగించింది ఒకటి ఉండేది. రిపేరుకి పంపాను."

"మీరే పంపారు."

"నేనే పంపాను."

ఒక్కొక్క జవాబూ ఆమె లోపల ఎక్కడో ఖాళీ పళ్లెంలో పడుతున్నట్టుంది. ఆకలి అయితే తగ్గడం లేదు.

*

పక్కగదిలో పంటి డాక్టరు దగ్గర ఉండేలాంటి సన్నటి డ్రిల్లు. దాంతో రాతిపొరల నుంచి పొడి తీసే ఆవిడను సంస్థలో అందరూ పిన్ని అంటారు. ప్రొఫెసర్ తమ్ముడి భార్య. తమ్ముడు కూడా ఇక్కడే పనిచేసి అదే గుహలో చనిపోయాడు. ఆ తర్వాత ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది బావగారే.

కిటికీ దగ్గర మూతలేని డబ్బా. లోపల తడిగుడ్డ మీద ఒక గాజు పలక. దాని మీద వేలి గోరంత మందాన సున్నం.

"ఇది?"

"మా ఆయన పెట్టిన పలక. పొట్టి స్తంభం మీద. పోయిన ఏడు పెట్టారు. అంటే ఆయన పోయిన ఏడు. దాన్ని మార్చొద్దని బావగారిని అడుక్కున్నాను. అప్పట్నుంచి పెరుగుతూనే ఉంది."

"ఇక్కడికి ఎప్పుడు తెచ్చారు?"

"బావగారు పడి ఉన్నారని తెలిసి కెమిస్టుగారితో పాటు నేనూ దిగాను. మీరింకా రాలేదు. అందరి కాళ్ల కిందా పడి పగులుతుందేమోనని తీసి కొంగులో చుట్టుకున్నాను. తప్పేలెండి. మీ సీన్‌లో వస్తువు కదపకూడదు కదా."

పాలిపోయిన చదరం గుర్తొచ్చింది. లెక్క సరిపోయింది. ఇన్‌స్పెక్టర్ డబ్బా వదిలేసింది.

బల్ల మీద ప్రొఫెసర్ కొత్త పుస్తకం. మొదటి పుట తెరిచి ఉంది. 'చెప్పిన మాట వినకుండా గుహలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్న నా తమ్ముడికి.'

"మాట వినలేదా ఆయన?"

"విన్నారు. అదే ఆయన చేసిన పొరపాటు." పిన్ని డ్రిల్లు మొనను గుడ్డతో తుడిచింది. "వేసవి చివర. పలకలు వెంటనే కావాలన్నారు బావగారు. గాలిమీటరు తన దగ్గరే ఉంది, ఇవ్వలేదు. త్వరగా దిగి త్వరగా వచ్చెయ్యరా అన్నారు. విచారణలో మాత్రం నాకు తెలియకుండా దిగాడన్నారు."

"ఇప్పుడిలా అచ్చు వేశారు."

"బావగారి భాష మొదట్నుంచీ బాగుంటుంది."

"కోపం రాలేదా మీకు?"

"మీకు వచ్చిందా? మీ చెల్లెలి సంగతి ఈ ఊళ్లో తెలియనిదెవరికి?" ఆమె తలెత్తలేదు. "మేం రోజూ చూసేదే. ఏ ఏటి పొర ఆ ఏటిదే. పైపొర వచ్చిందని కిందిది చెరిగిపోదు."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ గదిలోంచి వెళ్లబుద్ధి కాలేదు. తనకు ఎన్నేళ్లుగానో తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నట్టనిపించింది. ఆ ఆత్మీయతను ఆమె అనుమానించలేదు.

*

చనిపోయిన చేతిలోని పలకను మైక్రోస్కోపు కింద చదవగలిగింది ఆ ఊళ్లో ఒక్కడే. కెమిస్టు.

ఆమె దాన్ని కావాలనే అతని దగ్గరికి తీసుకెళ్లింది. అబద్ధం చెబుతాడు. బయటి నిపుణుడి చేత ఆ అబద్ధాన్ని పట్టించొచ్చు. అప్పుడు తొమ్మిదేళ్ల కిందటి సాక్ష్యం కూడా అబద్ధమేనని లోకానికి తెలుస్తుంది.

అతను చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇలా ఉండకూడదు," అన్నాడు.

"ఎలా?"

"మీరే చూడండి. కింద సున్నపు స్ఫటికాలు పదునుగా ఉన్నాయి. పైన అంచులు అరిగిపోయాయి. చప్పరించి ఉమ్మేసిన పటికబెల్లం ముక్కల్లా."

ఆమె చూసింది. అవును.

"గాలి మంచిదైతే చుక్క తనలోని గ్యాస్ వదిలేసి సున్నం పేరుస్తుంది. గదినిండా గ్యాస్ ఉంటే చుక్క దాన్ని వదలదు. పైగా ఆకలేసినట్టు పాత సున్నాన్ని తినేస్తుంది. ఇంతలా తినాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది. గుహ నిండు చలికాలంలో మూడు నాలుగు వారాలు ఊపిరి తీసుకోలేదు."

"అంటే?"

"పై బిలాన్ని ఎవరో మూసేశారు. ఆయన పడిపోయాక తెరిచారు. చల్లగాలి గంటల్లో గోతిని కడిగేసింది. మేం దిగినప్పుడు కాస్త ఆయాసం వచ్చింది. నిచ్చెన వల్ల అనుకున్నాం." అతను మైక్రోస్కోపు దీపం ఆర్పాడు. "ఇది గుండెపోటు కాదండి. హత్య."

"బిలం తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. మీకు చెప్పాను కదా."

"ఇంకేమైనా చెప్పాలా?"

"గాజు మీద ఉన్నది అంతే."

ఆమె సంకెళ్లు తీసింది. అతని మణికట్లు సన్నగా ఉన్నాయి. ఒక నొక్కు ఎక్కువే నొక్కింది.

*

మర్నాడు ఉదయం స్టేషన్. టీ చల్లారిపోయింది.

"మేడమ్ ముఖం ఇవాళ వెలిగిపోతుందనుకున్నాను," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కరెంటు పోయినట్టుందేంటి?"

లాకప్‌లో కెమిస్టు గోడకానుకుని కూర్చున్నాడు. లాయరు కావాలనలేదు. నేను కాదనీ అనలేదు.

ఆమెకు ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటోంది. డాక్టర్ గుండెపోటు అన్నాడు. ఇతనూ ఏమీ తెలియడం లేదని ఊరుకుంటే కేసు అక్కడితో ముగిసేది. ఊరుకోలేదు. హత్య అన్నాడు. చెవి నా దగ్గరే అన్నాడు. చంపినవాడు అలా అంటాడా?

ఆ ముల్లు వెనకే ఇంకోటి ఉంది. ఇంకా పెద్దది. తనకు ఉరి పడేలాంటి నిజాన్ని దాచని మనిషి, ముక్కూమొహం తెలియని ఒక ఫ్యాన్ల మెకానిక్ కోసం అబద్ధం చెప్పాడా? దాని దగ్గరికి మాత్రం ఆమె వెళ్లలేదు. చుట్టూ తిరిగి వచ్చేసింది.

"జీపు తియ్యి. గుహకి."

"మళ్లీ నిచ్చెనా మేడమ్?"

"ఈసారి పైకి ఎక్కాలి."

"దిగడమే నయమండి," అన్నాడతను.

లోపలి గది చివర గోడ నిట్టనిలువుగా బిలం దాకా లేచింది. రాతిలో పాత ఇనుప కొక్కేలు. తాడు తెలిసిన వాళ్లు ఎక్కగలరు. ఆమె సగం దాకా ఎక్కింది. అక్కడి నుంచే కనిపించింది. గ్రిల్‌కి జానెడు కింద, రాతికి అంటుకుని ఒక టేపు ముక్క, దానికి వేలెడంత పాలిథీన్. గ్రిల్ ఊచకు చిక్కుకుని తెగిన నైలాను దారం.

బిలాన్ని మూసింది బయటి నుంచి కాదు. లోపలి నుంచి. బయట నిలబడి ఊచల సందులోంచి దారం లాగితే షీటు ఊడి పైకి వచ్చేస్తుంది. తాళంతో పని లేదు. చెవితో అసలే పని లేదు. కింది గేటు చెవి సంస్థ వరండాలో మేకుకి వేలాడుతుంది. ఎవరైనా తీసుకోవచ్చు.

కిందికి దిగి పొట్టి స్తంభం ముందు నిలబడింది. పాలిపోయిన చదరం. నడిమధ్యలో చుక్క.

ఆ సాయంత్రమే దీన్ని చూసింది. చూసీ వదిలేసింది. ఎందుకంటే అప్పుడు ఆమె వెతుకుతున్నది హంతకుణ్ణి కాదు. కెమిస్టుని.

*

పదకొండు గంటలకు సంస్థలో అందరూ కూర్చున్నారు. ప్రొఫెసర్ భార్య కిటికీ పక్కన. పిన్ని తలుపు దగ్గర. సంకెళ్లతో కెమిస్టు మైక్రోస్కోపు ముందు. వెనక హెడ్ కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ పిన్ని గదిలోంచి డబ్బా తెచ్చింది. ఆ గదికీ ఈ గదికీ మధ్య ఇరవై అడుగుల వరండా. నున్నటి గచ్చు. పలక తడిగా ఉంది. చేయి కాస్త జారితే చాలు. పొరపాటు అంటుంది, క్షమించమంటుంది. దారం ఎవరిదో, టేపు ఎవరిదో తేలదు. చెవి మాత్రం కెమిస్టుదే. తొమ్మిదేళ్లుగా ఆమె కోరింది ఇదే కదా.

వరండా మధ్యలో ఆమె ఆగింది. పలకను రెండు చేతులతో పట్టుకుంది. చెల్లెలి చేతిని పట్టుకుని రోడ్డు దాటించినప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుని లోపలికి వచ్చింది.

బల్ల మీద పెట్టింది.

"చదవండి," అంది కెమిస్టుతో. "ఇది ఎవరిదో, ఎక్కడిదో చెప్పను."

అతను సంకెళ్ల చేతులతోనే పలకను సర్దుకున్నాడు. అందరూ ఎదురు చూశారు.

"కింది నుంచి పైదాకా పదునే. ఎక్కడా తిన్న గుర్తు లేదు. వేసవుల్లో చుక్క ఎండిపోతుంది కాబట్టి అప్పటి చెడుగాలీ దీన్ని తినలేదు. శుభ్రమైన గాలిలో పెరిగింది."

"పైపొర కూడా?"

"పైపొర కూడా. నిగనిగలాడుతోంది."

"ఇది పొట్టి స్తంభం మీది పలక. ప్రొఫెసర్ పలకకు పది అడుగుల దూరం. ఒకే గోతిలో, ఒకే గాలిలో ఉండాల్సింది. నాలుగు వారాల చెడుగాలి ఆ పలకను తింది. దీన్నెందుకు తినలేదు?"

కెమిస్టు నెమ్మదిగా తల తిప్పాడు. "ఆ నాలుగు వారాలూ ఇది గుహలో లేదు."

"లేదు. గాలి చెడిపోకముందే ఎవరో దీన్ని బయటికి తెచ్చారు. సీజను మధ్యలో, ఎవరూ గుహలోకి వెళ్లని రోజుల్లో. గాలి చెడబోతోందని ముందే తెలిసిన వాళ్లు." ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు తిరిగింది. "మీరు శవాన్ని చూశాక తెచ్చానన్నారు పిన్నిగారూ."

పిన్ని కొంగును ఒళ్లోకి సర్దుకుంది.

"తాడు ఎక్కడం మీకెవరు నేర్పారు?"

"ఆయనే." పిన్ని గొంతు మామూలుగానే ఉంది. "పగలగొట్టి పారేసుంటే సరిపోయేది కదూ."

"ఎందుకు పారేయలేదు?"

"తిరగేసి చూడండి. పొర కిందికి."

కెమిస్టు పలకను వెలుగుకి ఎత్తాడు. గాజు అడుగు నుంచి, సున్నపు పొర మొదలైన చోట, ఒక బొటనవేలి ముద్ర. మట్టి వేలితో పలకను పెట్టినప్పుడు పడింది. దాని మీదే ఏళ్లన్నీ పేరుకున్నాయి.

"ఆయనది ఇంకేం మిగల్లేదు నాకు. బావగారికి ఆ గాలి కావాలి. ఆ గాలికి దీన్ని ఇవ్వలేకపోయాను."

"చెల్లీ," అంది ప్రొఫెసర్ భార్య. ఆ పిలుపు సగంలోనే ఆగిపోయింది.

"నీ మొగుడు నా మొగుణ్ణి పంపిన గాలిలోకే పంపాను అక్కా. తక్కువా చేయలేదు, ఎక్కువా చేయలేదు. ఆయన చేతి గాలిమీటరు నేను దాచలేదు. బీరువాలోనే ఉంది. చలికాలంలో మీటరు అక్కర్లేదని పుస్తకంలో రాసుకున్నది ఆయనే. ఏడో పుట."

"మా ఇంట్లో కూర్చుని అన్నం తిన్నావు నువ్వు."

"తిన్నాను. అదే పుస్తకం మొదటి పుట చూసేదాకా తిన్నాను. చచ్చినవాడి మీద నేరం మోపి, దాన్ని మళ్లీ అచ్చేసి, నాకే సంతకం పెట్టి ఇచ్చాడు."

ఆమె లేచి చేతులు చాచింది. హెడ్ కానిస్టేబుల్ దగ్గర ఇంకో జత సంకెళ్లు లేవు. ఇన్‌స్పెక్టర్ కెమిస్టు చేతులకున్నవి విప్పి పిన్నికి వేసింది.

"ఒక్క మాట అడగనా మేడమ్?" అంది పిన్ని. "మీవాడు మీ చేతికి దొరికాడు. వరండాలో ఇది కింద పడితే చాలు. మీకూ అక్కడితో తీరిపోయేది. ఎందుకు పడేయలేదు?"

ఇన్‌స్పెక్టర్ సంకెళ్ల చెవిని జేబులో వేసుకుంది.

"నాకైతే చేయి జారేది," అంది పిన్ని. ఆ గొంతులో మొదటిసారి ద్వేషం వినిపించింది. అది బావగారి మీద కాదు.

*

గది ఖాళీ అయ్యాక కెమిస్టు మణికట్లు రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఎర్రటి గీతలు పడ్డాయి.

"వెనక బెంచీ. కిటికీ పక్కన," అన్నాడు.

"గుర్తుందా?"

"గుహలో మీరు టార్చి దించనప్పుడే గుర్తుపట్టాను."

"అయినా పలక చదివారు."

"గాజు మీద ఉన్నదే చదివాను."

"అప్పుడు బూట్ల మీద?"

అడగగానే ఆమెకు భయం వేసింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి, వినడానికి ముందు.

"బూట్ల మీద ఉన్నదే," అన్నాడతను. "ఆ అబ్బాయి బూట్లకున్నది షాపు ముందు వీధి మట్టి. ఆ క్వారీలో అలాంటి మట్టి ఎక్కడా లేదు. సాక్ష్యం చెప్పి వచ్చాక కూడా మీ కోసం మూడుసార్లు పరీక్ష చేశాను. మీరు అలా చూశారని."

*

ఫ్యాన్ల రిపేరు షాపు మధ్యాహ్నపు ఎండలో ఉంది. జీపు ఆగగానే బేరానికొచ్చిన ఒకామె లేచి వెళ్లిపోయింది.

మరిది స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"ఇవాళ ఆ తేదీ కాదు కదా వదినగారూ."

"కాదు."

"మరి?"

ఇన్‌స్పెక్టర్ గడపలోనే నిలబడింది.

"ఆ సాయంత్రం నువ్వు షాపులోనే ఉన్నావు."

అతను విప్పదీసిన ఫ్యాను రెక్కను ఒకదాన్ని తీసి గుడ్డతో తుడిచాడు. ఇంకోదాన్ని తుడిచాడు. మూడోదాన్ని తుడుస్తూ ఆగిపోయాడు. అతని చెంపల మీద నెరిసిన గడ్డాన్ని ఆమె అప్పుడే చూసింది. ప్రతి ఏడూ వచ్చింది, ప్రతి ఏడూ ఎదురుగా నిలబడింది. ముఖం మాత్రం ఇప్పుడే చూస్తోంది.

బేరానికొచ్చిన వాళ్లు కూర్చునే స్టూలును అతను కాలితో ఆమె వైపు తోశాడు.

"కూర్చోండి," అన్నాడు. ఆ మాటలో మర్యాద లేదు. "ఇక నుంచి అడిగేది నేను. ఏటా మీరడిగిందే."

వీధిలో ఎవరో షట్టర్ దించారు.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు వదినగారూ?"

ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.